పలక చిన్నది

తిరుపతి కొర్లగుంటలో తెలిసినవాళ్ల ఇంటికి ఒక సాయంత్రం పోయాను. కాఫీ చేతికిస్తూనే ఆ ఇల్లాలు మొదలుపెట్టింది. "మా అబ్బోడికి ఏం చెప్పినా చెవికెక్కదు సార్. బడిలోనూ ఇదే మాట. మీరే చూడండి" అని, మూడో తరగతి చదివే కొడుకును నా ఎదురుగానే పిలిచింది.

"ఒరే నాయనా, అంగడికి పోయి అర్ధకిలో చక్కెర, పావుకిలో కందిబేడలు, కొత్తిమీర ఒక కట్ట ఎత్తుకోనిరా. చక్కెర పోయినసారి మాదిరి చెమ్మగా ఉంటే వద్దని చెప్పు. చిల్లర లెక్క చూసుకో. వచ్చేటప్పుడు అట్నే అవ్వోళ్ల ఇంటికి పోయి మన గిన్నె ఇప్పించుకోనిరా."

పిల్లవాడు డబ్బులు పిడికిట్లో బిగించి ఉత్సాహంగా పరిగెత్తాడు. పావుగంటకు కొత్తిమీర కట్టతో తిరిగొచ్చాడు. చక్కెర లేదు, బేడలు లేవు, గిన్నె సంగతి అసలే లేదు. కొత్తిమీర మాత్రం బాగుంది, లేతది ఏరుకుని తెచ్చాడు.

"చూసినారా సార్? తలకాయ యాడ పెట్టుకోనుంటాడో!"

వాడు తల దించుకుని కాలి బొటనవేలితో నేల రాస్తున్నాడు. నేను ఆమెనే అడిగాను: "అమ్మా, మీరు ఇందాక వాడితో చెప్పిన మాటలన్నీ అదే వరసలో ఒక్కసారి మళ్లీ చెప్పండి." చక్కెర వచ్చింది, బేడలు వచ్చాయి, కొత్తిమీర వచ్చింది. చిల్లర దగ్గర కాసేపు ఆగింది. గిన్నె రాలేదు. నేను గుర్తుచేశాక పెద్దగా నవ్వేసింది. ముప్పై ఏళ్లు దాటిన మనిషికి, తను చెప్పిన మాటే, పావుగంట తర్వాత పూర్తిగా నిలవలేదు. ఎనిమిదేళ్లవాడు మూడు సరుకులు, రెండు తూకాలు, ఒక షరతు, ఒక లెక్క, ఒక గిన్నె కలిపి మోసుకుపోవాలని మనం అనుకున్నాం.

ఈ అధ్యాయం ఆ మోత గురించే.

పాతకాలం బడిపిల్లల చేతిలో పలక ఉండేది. రాయాలి, చూసుకోవాలి, తుడవాలి, మళ్లీ రాయాలి. తుడవకుండా కొత్తది రాయడానికి చోటు చాలదు. మనసులోనూ అలాంటి పలక ఒకటి ఉంది. విన్న మాటను కాసేపు పట్టి ఉంచుకుని, దానితో అప్పటికప్పుడు పని చేయించేది అదే. శాస్త్రవేత్తలు దాన్ని వర్కింగ్ మెమరీ అన్నారు. ఇప్పుడు ఎక్కువమంది వాడే నమూనాను 1974లో బ్రిటన్‌లో అలన్ బ్యాడ్లీ, గ్రాహం హిచ్ ప్రతిపాదించారు. అంతకుముందు 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికన్, మనిషి ఒక్క విడతలో ఏడు, అటూ ఇటూ రెండు, అంశాలు పట్టుకోగలడన్నాడు. 2001లో నెల్సన్ కొవన్ ఆ లెక్కను నాలుగు దగ్గరికి దించాడు. పెద్దలకే నాలుగు అంటే, పిల్లల పలక ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

తిరుమల ఆలయంలో సంకీర్తనా భాండారం ఉంది. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు వందల ఏళ్లు అక్కడే భద్రంగా ఉన్నాయి. మనసులో రాగిరేకుల గది వేరు, పలక వేరు. అమ్మ పేరు, ఇంటి దారి, చిన్నప్పుడు విన్న పాట రాగిరేకుల్లో ఉంటాయి. 'నీకు జ్ఞాపకశక్తి లేదురా' అని మనం తిట్టే పిల్లవాడు మూడేళ్ల కిందట గంగజాతరలో ఏ వేషం ఎవరు కట్టారో చెప్పేస్తాడు. వాడి రాగిరేకులకు ఏ లోటూ లేదు. చిన్నది పలకే.

పలక అందరికీ ఒకే కొలతలో ఉండదు. బ్రిటన్‌లో దీనిమీద ఏళ్ల తరబడి పనిచేసిన సూసన్ గ్యాథర్‌కోల్, ట్రేసీ అలోవే ఒక లెక్క చెప్పారు. ఏడెనిమిదేళ్ల పిల్లలు ముప్పై మంది ఉన్న మామూలు తరగతిలో కనీసం ముగ్గురి పలక నాలుగేళ్ల పిల్లల పలకంత ఉంటుంది. మరో ముగ్గురిది పదకొండేళ్ల పిల్లలంత ఉంటుంది. ఆ గదిలో టీచరమ్మ "పుస్తకాలు మూసి, పెన్సిళ్లు కింద పెట్టి, లెక్కల నోట్సు తీసి, 42వ పేజీలో మూడో లెక్క చేయండి" అంటుంది. పదకొండేళ్ల పలక ఉన్నవాడు అప్పటికే లెక్కలో ఉంటాడు. నాలుగేళ్ల పలక ఉన్నవాడు పుస్తకం మూసి, తర్వాతేమిటో తెలియక పక్కవాడి వైపు చూస్తాడు. "దిక్కులు చూస్తున్నావేం?" అనే మాట వాడికి వినపడేది అప్పుడే. నిజానికి వాడు దిక్కులు చూడటం లేదు, పలకమీద చెరిగిపోయిన మాటను పక్కవాడి చేతుల్లో వెతుక్కుంటున్నాడు.

2009లో అలోవే, గ్యాథర్‌కోల్ బృందం మూడువేల మందికి పైగా పిల్లలను పరీక్షించి, సుమారు పదిమందిలో ఒకరికి ఈ ఇబ్బంది ఉందని చెప్పింది. ఆ పిల్లల గురించి టీచర్లు ఏం చెప్పారన్నది మనకు ముఖ్యం. ధ్యాస నిలవదు, ఇట్టే చెదిరిపోతుంది, చేసినదాన్ని సరిచూసుకోరు, చిక్కు వస్తే కొత్త దారి తోచదు. మన బడుల ప్రోగ్రెస్ కార్డుల్లో ఇదే మరో భాషలో ఉంటుంది: అజాగ్రత్త, అల్లరి, శ్రద్ధ పెట్టాలి. పలక చిన్నదని రాసిన కార్డు నా ముప్పై ఏళ్ల పంతులుద్యోగంలో ఒక్కటీ చూడలేదు. నేను కూడా రాయలేదు. ఎంతమంది కార్డుల్లో 'శ్రద్ధ లేదు' అని రాశానో తలచుకుంటే ఇప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపిస్తుంది.

ఈ పిల్లలు చాలామంది అల్లరివాళ్లు కారు. గమ్మునుంటారు, స్నేహితులతో బాగానే ఆడుకుంటారు. అడిగితే నోరు విప్పరు. అందుకే టీచరు కళ్ల నుంచి జారిపోతారు. కొందరు మాత్రం, పని సగంలో తెగిపోయిన ప్రతిసారీ లేచి తిరగడం, పక్కవాణ్ణి గిల్లడం మొదలుపెడతారు. మనం ఆ గిల్లుడునే చూస్తాం, దానికి ముందు తెగిన దారాన్ని చూడం.

ఆ దారం ఎక్కడ తెగుతుందో ఒక్క లెక్క దగ్గర కూర్చుంటే కనిపిస్తుంది. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసెయ్యమన్నాం. రెండులోంచి ఏడు పోదు. పక్కింటి ఐదు దగ్గర ఒకటి అప్పు తేవాలి. అప్పిచ్చిన ఐదు నాలుగైంది, ఇది గుర్తుంచుకోవాలి. రెండు పన్నెండైంది, ఇదీ గుర్తుంచుకోవాలి. పన్నెండులోంచి ఏడు తీస్తే ఎంత? ఇక్కడ ఆ పిల్లవాడికి జవాబు నోటికి రాదు. వేళ్లు తెరుస్తాడు. పన్నెండుకు పదివేళ్లు చాలవు, కాలివేళ్లో, పక్కవాడి వేళ్లో కావాలి. చివరికి ఐదని తేలేసరికి నాలుగు చెరిగిపోయింది. మళ్లీ పైన ఐదే కనిపిస్తుంది. ఐదులోంచి రెండు తీసి మూడు వేస్తాడు. జవాబు ముప్పై ఐదు. టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేస్తాడు. అప్పు తేవడం వాడికి తెలుసు. అప్పు తెచ్చిన సంగతే నిలవలేదు.

అందుకే నేను ఎక్కాలను వెనకేసుకొస్తాను. బట్టీ అనగానే ముక్కు విరవడం ఈ మధ్య పెద్దమనుషుల ఫ్యాషన్. అర్థం లేని బట్టీని నేనూ ఒప్పుకోను. కానీ ఏడెనిమిదులు యాభైయారు అన్నది రాగిరేకు ఎక్కితే పలకమీద దానికి చోటు అక్కర్లేదు. చిన్న కూడికలు, తీసివేతలు, గుణింతాలు, ఒత్తులు కూడా అంతే. ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుంటూ 'స'కు 'త'వత్తు, 'ర'వత్తు అని చదివే పిల్లవాడు వాక్యం చివరికి చేరేసరికి మొదలు చెరిగిపోతుంది. చదివినదేమిట్రా అంటే తెల్లమొహం వేస్తాడు. చిన్న పలక ఉన్న పిల్లవాడికి ఈ పునాదులు మిగతావాళ్ల కంటే ఎక్కువ అవసరం, ఎక్కువ నిదానంగా అవసరం.

భాష కూడా పలకమీద చోటు తింటుంది. 1980లో ఎల్లిస్, హెనెలీ అనే ఇద్దరు పరిశోధకులు వేల్స్ దేశపు మనుషుల్లో ఒక చిత్రం చూశారు. రెండు భాషలూ వచ్చినవాళ్లు కూడా వెల్ష్‌లో కంటే ఇంగ్లిషులో ఎక్కువ అంకెలు గుర్తుంచుకుంటున్నారు. వెల్ష్ అంకెల పేర్లు పలకడానికి ఎక్కువసేపు పడుతుంది, చివరిదాకా వచ్చేసరికి మొదటివి జారిపోతాయి. మన ఎనిమిదికి నాలుగు అక్షరాలు, తొమ్మిదికి మూడు. కూరగాయల బండివాడు కూడా ఫోన్ నంబరు 'నైన్ ఎయిట్ ఫోర్' అని ఎందుకు చెబుతాడో నాకు ఈ సంగతి చదివాకే తట్టింది. ఇంగ్లిషు మోజు ఒక్కటే కాదు, పలక పొదుపు కూడా ఉందేమో.

అయితే దీన్ని పట్టుకుని పిల్లలకు అన్నీ ఇంగ్లిషులో నేర్పెయ్యాలనుకోవడం తలకిందుల పని. కుప్పం వైపు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడి, బడిలో తెలుగు విని, పుస్తకంలో ఇంగ్లిషు చదివే పిల్లలున్నారు. "ఎన్ని మిగిలాయి" అన్న ప్రశ్నను ముందు ఇంటి భాషలోకి తిప్పుకోవడానికే పలక సగం నిండుతుంది. లెక్కకు మిగిలేది ఆ తర్వాతి చోటే. అలాంటి బిడ్డకు ప్రశ్నను ఇంటి భాషలో ఒకసారి చెప్పి చూడండి. లెక్క రాదనుకున్న పిల్ల టక్కున జవాబు చెప్పడం పలమనేరులో నేను కళ్లారా చూశాను.

ఇక మన తెలుగువాళ్లకు ఈ విషయంలో ఒక పెద్ద అపోహ ఉంది. దానికి కారణం మన గొప్పతనమే. అవధానం మన సొత్తు కదా! తిరుపతి వెంకటకవుల పేరు చెప్పగానే జ్ఞాపకశక్తి గుర్తొస్తుంది. (పేరులో తిరుపతి ఉన్నా వాళ్లది ఈ ఊరు కాదు, గోదావరి సీమ.) మన తిరుపతిలోనే అన్నమాచార్య ప్రాజెక్టు సంచాలకులుగా పనిచేసిన మేడసాని మోహన్ అవధానాలు చూసినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఒకరు నిషిద్ధాక్షరితో అక్షరాలు అడ్డుపెడుతుంటే, ఇంకొకరు సమస్య ఇస్తుంటే, మధ్యలో గంట కొడుతుంటే, అప్రస్తుత ప్రసంగి పనిగట్టుకుని దారి తప్పిస్తుంటే, విడతకో పాదం చొప్పున అల్లుకుంటూ పోయి చివర్లో పద్యాలన్నీ ధారణ చేస్తారు. చూసొచ్చిన తండ్రి ఇంటికి రాగానే కొడుకుతో "చూడు, సాధన చేస్తే బుర్ర పెరుగుతుంది" అంటాడు.

సాధన చేస్తే పెరిగేది ఏమిటన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో 1980లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం ఒక కాలేజీ కుర్రవాడి కథ ప్రచురించింది. మొదట్లో ఏడంకెలు చెప్పగలిగినవాడు, సుమారు ఇరవై నెలల సాధనతో, ఒకసారి వింటే 79 అంకెలు తిరిగి చెప్పే స్థాయికి వచ్చాడు. వాడు పరుగు పందేల మనిషి. అంకెలను మూడు నాలుగు చొప్పున పరుగు సమయాలుగా మార్చుకునేవాడు. మరి అంకెలకు బదులు అక్షరాలిస్తే? మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. పలక అంగుళం కూడా పెరగలేదు. పలకమీద రాసే పద్ధతి మారింది, అంతే.

అవధానిదీ అదే విద్య అని నా నమ్మకం. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. ఈ చట్రం ఆయన నరనరాల్లో ఉంది. మనకు ఇరవై అక్షరాలుగా వినపడేది ఆయనకు ఒక్క ముక్క. వేల పద్యాలు రాగిరేకుల మీద ఉన్నవాడికి పలకమీద ఒక చిన్న గుర్తు చాలు. ఛందస్సు తెలియని నన్ను ఆ కుర్చీలో కూర్చోబెడితే మొదటి పృచ్ఛకుడి దగ్గరే చేతులెత్తేస్తాను.

తిరుమలలో ధర్మగిరి వేదపాఠశాల ఉంది. అక్కడి చదువులో ఇంకో కిటుకు దాగుంది. గురువు ఒక చిన్న ముక్క చెబుతారు, శిష్యులు దాన్నే మళ్లీ మళ్లీ అంటారు. దీనికి సంత చెప్పడమని పేరు. ముక్క పొడవు పిల్లవాడి నోటికి, గుక్కకు సరిపోయేంతే. క్రమపాఠంలో ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు అని పదాలను జతలుగా పట్టుకుపోతారు. కొత్తపదం ఎప్పుడూ ఒంటరిగా రాదు, అప్పటికే వచ్చిన పదం చెయ్యి పట్టుకుని వస్తుంది. మనం మాత్రం నాలుగో తరగతి బిడ్డకు అరపేజీ జవాబు ఇచ్చి, "రేపటికి అప్పజెప్పు" అంటాం.

ఒకప్పటి మన చిత్తూరు జిల్లాలోదే మరో ఉదాహరణ. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ బడి అందరికీ తెలుసు. దాని చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరు, ఒకే గదిలో, నాలుగైదు తరగతుల పిల్లలకు చెప్పాల్సిన బడుల కోసం వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల నుంచి ఒక పద్ధతి తయారు చేశారు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా కోసి కార్డుల మీద పెట్టారు. గోడమీద ఒక నిచ్చెన, దానిమీద బొమ్మల గుర్తులు. పిల్లవాడు తానెక్కడున్నాడో నిచ్చెనలో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుని, ఆ ఒక్క పనీ చేసి, తర్వాతి మెట్టుకు పోతాడు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో మొదలైన నలి-కలికి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కృత్యాధార బోధనకు ప్రేరణ ఈ కార్డులే.

వాళ్లు వర్కింగ్ మెమరీని మనసులో పెట్టుకుని దీన్ని చేశారని నేననడం లేదు. టీచర్లు తక్కువై వచ్చిన అవసరం అది. కానీ నా కళ్లజోడుతో చూస్తే అందులో చిన్నపలక పిల్లలకు కావలసినదంతా ఉంది. 'ఇప్పుడేం చెయ్యాలి, తర్వాతేం చెయ్యాలి' అన్నది తలలో మొయ్యక్కర్లేదు. కార్డు మోస్తుంది, గోడ మోస్తుంది. పలకంతా పనికే మిగులుతుంది.

ఇంట్లో మనం చేయగలిగిందీ అదే. మోతను వాడి తలమీంచి దించి గోడకో కాగితానికో వేళ్లకో ఎత్తాలి. పొద్దున బడికి పోయే హడావుడిలో "స్నానం చేసి, బట్టలేసుకుని, డబ్బా పెట్టుకుని, నీళ్లసీసా మరిచిపోకుండా, బూట్లు తుడుచుకుని రా" అనే దండకం ఆపండి. వాకిలి పక్కన బొమ్మలతో ఒక అట్ట అంటించండి. బొమ్మలు వాడితోనే గీయించండి, మనం గీసినవి వాడు చూడడు. ఒక మాట చెప్పండి. అది అయ్యాక రెండోది చెప్పండి. చెప్పిన మాటను తిరిగి మనకే చెప్పమనండి. "అర్థమైందా?" అని అడిగితే ఏ పిల్లవాడైనా తలూపుతాడు, ఆ తలూపుడుకు విలువ లేదు. "ఏం తెస్తావు, చెప్పు చూద్దాం" అంటే పలకమీద ఏముందో కనిపిస్తుంది.

లెక్కలు చేసేటప్పుడు అప్పు తెచ్చిన నాలుగును పైన చిన్నగా రాసుకోనివ్వండి. 'చిత్తు రాయకు, నోట్సు పాడవుతుంది' అనే టీచర్లున్నారు. ఆ చిత్తే వాడికి రెండో పలక. వేళ్లు లెక్కపెడితే కొట్టకండి. బోర్డు మీదిది చూసి రాసుకోవడం మనకు తేలిక, వాడికి కాదు. తల ఎత్తి చూసి, పట్టుకుని, దించి, పేజీలో చోటు వెతికేలోపు మాట జారిపోతుంది. ఆ పిల్లవాణ్ణి ముందు బల్లలో కూర్చోబెట్టమని, వీలైతే రాసిన కాగితం పక్కన పెట్టమని టీచరును వినయంగా అడగండి. నేను పంతులుగా ఉన్నప్పుడు అలా అడిగిన తల్లిదండ్రులు ఇద్దరో ముగ్గురో. అడిగినవాళ్ల మాట నేను కాదనలేదు.

భయం పలకను తుడిచేసే తడిగుడ్డ. అమెరికాలో 2001లో ఆష్‌క్రాఫ్ట్, కర్క్ చేసిన పరిశోధనలో లెక్కలంటే భయపడేవాళ్లకు లెక్క చేసే సమయంలో పలక కుంచించుకుపోతుందని తేలింది. బెదురు, 'తప్పైతే ఎట్లా' అన్న ఆలోచన, నాన్న మొహం, ఇవన్నీ అదే పలకమీద వచ్చి కూర్చుంటాయి. చెయ్యెత్తి "ఏడెనిమిదులెంత?" అని అరిస్తే నిన్న వచ్చిన జవాబు ఇవాళ రాదు. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించిన సంగతి అటుంచండి, ఇంట్లో కొట్టడం లెక్కల పరంగా కూడా దండగే.

జ్ఞాపకశక్తి పెంచుతామని ప్రకటనలిచ్చే టానిక్కులకు, ఫోన్ ఆటలకు డబ్బు తగలెయ్యకండి. కంప్యూటర్ శిక్షణల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2013లో మెల్బీ-లెర్వాగ్, హ్యూమ్ చూస్తే, పిల్లలు ఆ ఆటల్లో మెరుగయ్యారే తప్ప చదువులోనూ లెక్కల్లోనూ ఆ మెరుగు కనిపించలేదు. ఆ డబ్బుకు గుడ్లు, చెనక్కాయలు వస్తాయి. రాత్రి తొందరగా పడుకోబెట్టడానికి అదీ అక్కర్లేదు.

మీ బిడ్డ పలక ఎంతో ఉజ్జాయింపుగా తెలుసుకోవాలంటే మూడంకెలు చెప్పి వెనక నుంచి చెప్పమనండి. మూడు-ఎనిమిది-ఐదు అంటే ఐదు-ఎనిమిది-మూడు. ఏడెనిమిదేళ్ల పిల్లల్లో చాలామంది మూడు అంకెల వరకు తిప్పగలరు. దీన్ని ఆటగా ఆడండి, పరీక్షగా పెట్టకండి. ఒక్కరోజు చెప్పలేకపోయాడని కంగారు పడొద్దు. ఎన్ని రోజులైనా రెండు దగ్గరే ఆగిపోతూ, చదువులో కూడా వెనకబడుతుంటే ముందు చెవులు, కళ్లు చూపించండి. రక్తహీనత ఉందేమో చూపించండి. సరిగా వినపడని బిడ్డ కూడా అచ్చం శ్రద్ధలేని బిడ్డలాగే కనిపిస్తుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందాన్ని అడగండి. తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లడానికి సిగ్గుపడకండి. అక్కడికి పిచ్చివాళ్లే పోతారన్నది పాతకాలపు మాట.

కొర్లగుంట పిల్లవాడికి వాళ్లమ్మ ఇప్పుడు వేలికో సరుకు చెబుతోంది. బొటనవేలు చక్కెర, చూపుడువేలు బేడలు, నడిమివేలు కొత్తిమీర. తూకాలు చీటీ మీద రాసిస్తోంది. అవ్వ ఇంటికి వేరేగా పంపుతోంది. పోయిన ఆదివారం మూడు సరుకులూ సరిగ్గా తెచ్చాడట. చిల్లర మాత్రం అంగట్లోనే మరిచిపోయి వచ్చాడు.